నడక నేర్చిన బిడ్డతో ఆరుబయట: తిండి వేళలను బట్టి ఒక పూట ప్రయాణం

ఏడాది దాటి మూడేళ్లు నిండని బిడ్డతో ఎక్కడికైనా వెళ్దామనుకోగానే పెద్దవాళ్లు ముందు చోటు చూస్తారు. ఎంత దూరం, ఎన్నింటికి బయల్దేరాలి, ఏమేం చూడొచ్చు అని లెక్కలేస్తారు. తిండి మాట ఆఖర్న వస్తుంది, అదీ ప్రయాణం రోజు పొద్దున్నే వంటింటి హడావుడిలో. ఈ వరసను తిరగేయమన్నదే నా సలహా. బిడ్డ ఆకలి వేళలు, నిద్ర వేళ ముందు కాగితం మీద పెట్టండి. వాటి మధ్య మిగిలిన ఖాళీలో పట్టే చోటును వెతకండి. అడవి దారైనా, కొండ వాలైనా, ఇసుక తీరమైనా ఈ పద్ధతి మారదు.

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. బయటికి వెళ్లినప్పుడు తిండిని లంచంగా వాడడం నాకు నచ్చదు. "ఇంకో పది అడుగులు వేస్తే బిస్కెట్ ఇస్తా" అన్న బేరం మొదలైందంటే, బిడ్డ చూపు చెట్ల మీద, పురుగుల మీద ఉండదు, మీ సంచి మీదే ఉంటుంది. మధ్యాహ్నానికి ఆకలీ చచ్చిపోతుంది, నడకా ఆగిపోతుంది.

1. వేళలు రాసుకోండి

ఈ వయసులో పొట్ట చిన్నది, అవసరం పెద్దది. ఒకటి, రెండేళ్ల మధ్య బిడ్డకు రోజుకు దాదాపు 1000 కిలోక్యాలరీలు కావాలి. అంత తిండి రెండు మూడు పూటల్లో పట్టదు కాబట్టి మూడు భోజనాలు, మధ్యలో రెండు చిరుతిళ్లు అవసరమవుతాయి. అంటే రెండు, మూడు గంటలకోసారి ఏదో ఒకటి తినాలి. నిద్ర సంగతి చూస్తే, ఒకటి, రెండేళ్ల వాళ్లకు పగటి కునుకుతో కలిపి 11 నుంచి 14 గంటలు ఉండాలి. ఏడాదిన్నర వచ్చేసరికి చాలామందికి పగలు ఒకే నిద్ర మిగులుతుంది, ఎక్కువగా మధ్యాహ్నం పూట.

ప్రయాణానికి ముందు మూడు నాలుగు రోజులు ఇంట్లోనే గమనించి రాసుకోండి. మీరు పెట్టాలనుకున్న వేళ కాదు, బిడ్డ నిజంగా ఆకలితో తిన్న వేళ రాయాలి. కళ్లు నులుముకోవడం, చెవి పట్టుకు లాగడం, కారణం లేకుండా అలగడం ఎన్నింటికి మొదలవుతున్నాయో కూడా రాయండి. నిద్ర గంట కొట్టేది అప్పుడే.

ఉదాహరణకు బిడ్డ ఆరున్నరకు లేచి, ఏడింటికి తిని, పన్నెండున్నరకు నిద్రపోతుందనుకుందాం. ఎనిమిదికి ఇల్లు కదిలితే తొమ్మిదిలోపు చోటు చేరాలి. పదింటికి చిరుతిండి. పదకొండున్నరకు అక్కడే భోజనం. పన్నెండుంపావుకు తిరుగుముఖం, కునుకు దారిలో. ఇలా లెక్కేస్తే చేతిలో మిగిలేది మూడు గంటలు, అందులో తిండికే గంట పోతుంది. ఇది తక్కువనిపిస్తుంది గానీ, ఈ వయసుకు ఇది నిండైన పూట. మధ్యాహ్నం నిద్ర లేచాక రెండో విడత పెట్టుకోవచ్చు గానీ, నిద్ర వేళను మింగేసే ప్రయాణం మాత్రం వద్దు. పోయిన నిద్రను రాత్రి రాబట్టుకుందామంటే కుదరదు. అలసట మితిమీరిన బిడ్డకు రాత్రి నిద్ర ఇంకా ఆలస్యంగా పడుతుంది.

అయిదేళ్లలోపు పిల్లల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఒకటి, రెండేళ్ల పిల్లలు రోజు మొత్తంలో కనీసం 180 నిమిషాలు కదులుతూ ఉండాలని, ఒక్క బిగిన గంటకు మించి స్ట్రోలర్‌లోనో (బిడ్డను కూర్చోబెట్టి తోసే బండి), ఎత్తుకునే క్యారియర్‌లోనో బిగించి ఉంచొద్దని అందులో ఉంది. కాబట్టి వాహనంలో గంటకు మించి పట్టే చోటైతే మధ్యలో దింపి, పది నిమిషాలు పరుగెత్తనివ్వండి. ఆ ఆపే వేళ చిరుతిండి వేళతో కలిస్తే మరీ మంచిది.

2. చోటు ఎంచుకోండి

నడక నేర్చిన బిడ్డ ఎంత నడుస్తుందన్నదానికి ఒక మంచి లెక్క ఉంది. మనస్తత్వ శాస్త్రవేత్త క్యారెన్ అడాల్ఫ్ బృందం 2012లో ప్రచురించిన పరిశోధనలో, 12 నుంచి 19 నెలల పిల్లలు స్వేచ్ఛగా ఆడుకునేటప్పుడు గంటకు సగటున 2368 అడుగులు వేశారు, 17 సార్లు పడ్డారు. అన్ని అడుగులకూ కలిపి సాగిన దూరం దాదాపు 700 మీటర్లు. అదీ తిన్నగా సాగిన దూరం కాదు. ముందుకు రెండడుగులు, వెనక్కి మూడు, పక్కనున్న రాయి దగ్గర అయిదు నిమిషాలు. ఇది చదివాక "రెండు కిలోమీటర్లే కదా, నడిచేస్తుందిలే" అనే ధైర్యం ఎవరికీ ఉండకూడదు.

అందుకని బిడ్డ కాళ్లతో అరకిలోమీటరు, మిగతాది మీ వీపు మీద అన్న లెక్కతో దారి ఎంచుకోండి. చుట్టి వచ్చే దారికన్నా, వెళ్లిన దారినే వెనక్కి వచ్చేది నయం. ఎక్కడ పేచీ మొదలైతే అక్కడి నుంచే తిరిగిపోవచ్చు. చుట్టుదారిలో సగానికి చేరాక వెనక్కి వెళ్లినా అంతే దూరం, ముందుకు వెళ్లినా అంతే దూరం.

నీడ ఉందా, కూర్చుని తినడానికి చదునైన నేల ఉందా, చేతులు కడుక్కునే వసతి ఎంత దూరంలో ఉంది, ఫోన్ సిగ్నల్ అందుతుందా అన్నవి చూడండి. దృశ్యం ఎంత గొప్పదన్నది ఆఖరి ప్రశ్న, ఎందుకంటే బిడ్డ చూసేది మోకాలి ఎత్తులో ఉన్న లోకాన్ని. చీమల బారు, ఎండుటాకు, గుంతలో నీళ్లు ఉంటే చాలు. లోతైన అంచులు, రెయిలింగ్ లేని గట్లు ఉన్న చోట్లు మాత్రం ఇంకో రెండేళ్లు ఆగొచ్చు. సముద్రమట్టానికి 2500 మీటర్లు దాటిన ఎత్తులకు వెళ్లాలనుకుంటే ముందు వైద్యుణ్ని అడగాలి. తలనొప్పిగా ఉందనో, కడుపులో తిప్పుతోందనో ఈ వయసు బిడ్డ చెప్పలేదు. ఊరికే ఏడుస్తుంది, మీరేమో నిద్ర చాలలేదనుకుంటారు.

3. ఏం వండాలో ముందురోజే తేల్చుకోండి

ప్రతి డబ్బాలో నాలుగు రకాలు ఉండేలా చూస్తే పోషకాల లెక్క దానంతటదే కుదురుతుంది. కడుపు నింపేది ఒకటి: అన్నం, రొట్టె, పాస్తా, ఉడికించిన బంగాళాదుంప లేదా చిలగడదుంప. బలాన్నిచ్చేది ఒకటి: గుడ్డు, చేప, కోడిమాంసం, పప్పులు, బీన్స్, పెరుగు. రంగున్న పండో, కూరగాయో ఒకటి. ఇక నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం: బిడ్డ ఖాయంగా తినేది. కొత్త చోటు, కొత్త మనుషులు, కొత్త శబ్దాల మధ్య పిల్లలు తెలిసిన రుచినే వెతుక్కుంటారు.

కొత్త వంట దేన్నీ ప్రయాణం రోజు మొదలుపెట్టొద్దు. ముఖ్యంగా వేరుశనగ, గుడ్డు, చేప, నువ్వులు, జీడిపప్పు లాంటి అలర్జీ తెచ్చే అవకాశమున్నవి మొదటిసారి రుచి చూపించడం ఇంట్లోనే, వైద్యం అందే దూరంలోనే జరగాలి. దద్దుర్లు, పెదాల వాపు అడవి మధ్యలో మొదలైతే ఆ కంగారు ఊహించుకోండి.

ఇనుము గురించి కాస్త ఆగి చెప్పాలి. ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలకు రోజుకు 7 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. పాలు ఎక్కువై, ఘనాహారం తగ్గిన పిల్లల్లో ఇదే లోటు పడుతుంది. పాలలో ఇనుము బాగా తక్కువ, పైగా పాలతో కడుపు నిండితే మిగతా తిండి లోపలికి పోదు. రోజుకు అర లీటరు పాలు దాటకుండా చూడమని వైద్యులు చెప్పేది ఇందుకే. ప్రయాణాల్లో సులువని పాల సీసా మీదే పూట గడిపేసే అలవాటు ఇక్కడే దెబ్బ తీస్తుంది. పప్పులు, బీన్స్, ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి పట్టాలంటే పక్కన సి విటమిన్ ఉండాలి. అందుకే బీన్స్ డబ్బాతోపాటు నారింజ తొనలో, మెత్తటి జామపండు గుజ్జో, టమాటానో పెట్టండి.

సులువుగా అయ్యే వంట ఒకటి చెప్తాను. బాగా మగ్గిన అరటిపండు ఒకటి మెదిపి, అందులో ఒక గుడ్డు, మూడు నాలుగు చెంచాల ఓట్స్ పొడి కలపండి. పది నిమిషాలు నాననిచ్చి, పెనం మీద అరచేతిలో పట్టేంత చిన్న అట్లు వేసి, రెండు వైపులా లోపలిదాకా ఉడకనివ్వండి. చక్కెర అక్కర్లేదు. చల్లారాక కూడా మెత్తగా ఉంటాయి, చేతికి అంటుకోవు, బిడ్డే పట్టుకుని తినొచ్చు. గుడ్డు ఉంది కాబట్టి వీటిని చల్లగానే తీసుకెళ్లాలి. ఆ సంగతి కింద చెప్తాను.

రెండేళ్లలోపు పిల్లలకు విడిగా చక్కెర కలిపినవి అసలు వద్దన్నది ఇప్పుడు చాలా దేశాల వైద్యుల మాట. ఉప్పు కూడా ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలకు రోజుకు 2 గ్రాములు దాటకూడదు. ప్యాకెట్ చిరుతిళ్లు సంచిలో పడేసే ముందు ఈ రెండూ గుర్తుంటే చాలు. పిండుకుని తినే పండ్ల గుజ్జు ప్యాకెట్లు ఆపద్ధర్మానికి ఒకటి ఉంచుకోండి. ఇచ్చేటప్పుడు మూతి నోట్లో పెట్టేయకుండా చెంచాలోకి పిండి ఇవ్వండి. నమలడం నేర్చుకునే వయసులో పీల్చడం ఒక్కటే అలవాటైతే మంచిది కాదు.

ఎంత తీసుకెళ్లాలి? అనుకున్న పూటకు సరిపడా, పైన ఇంకో పూటకు పాడవనివి. వాహనం ఆగిపోవచ్చు, వాన పట్టుకోవచ్చు. పెద్దవాళ్లు ఆకలికి ఓర్చుకుంటారు, ఈ బిడ్డ ఓర్చుకోదు.

4. కోసే పద్ధతి

ఈ మార్గదర్శిలో ఒక్క భాగమే చదివే తీరిక ఉందంటే ఇది చదవండి. ఈ వయసు బిడ్డ గాలిగొట్టం సన్నగా ఉంటుంది. దవడ పళ్లు మొదటి జత 13 నుంచి 19 నెలల మధ్య, రెండోది 23 నుంచి 33 నెలల మధ్య వస్తాయి. ముందు పళ్లతో కొరికేస్తుంది, నూరడానికి వెనక పళ్లు లేవు. కాబట్టి కొరికిన ముక్క కొరికినట్టే గొంతులోకి జారుతుంది. ఇంట్లో అయితే కుర్చీలో కూర్చుని తినే బిడ్డ, బయట పరుగెడుతూ, నవ్వుతూ, పడుతూ తింటుంది. ప్రమాదం రెట్టింపయ్యేది అందుకే.

గుండ్రంగా, నున్నగా, గట్టిగా ఉన్నవి గాలిగొట్టాన్ని సీసా బిరడాలా మూసేస్తాయి. ద్రాక్ష, చెర్రీ టమాటా లాంటివి నిలువుగా నాలుగు చీలికలు చేయండి. అడ్డంగా రెండు ముక్కలు చేస్తే గుండ్రటి ఆకారం పోదు. సాసేజీలు కూడా అడ్డంగా చక్రాల్లా కోయకూడదు, నిలువుగా సన్నగా చీల్చాలి. పచ్చి క్యారెట్, గట్టి ఆపిల్ ముక్కలుగా ఇవ్వొద్దు. వేలితో నొక్కితే నలిగేదాకా ఉడికించండి, లేదా సన్నగా తురమండి. బఠాణీలు, శనగలు ఉడికినా సరే మెదిపి ఇవ్వండి. గింజలు, విత్తనాలు తీసిన పండ్లే పెట్టండి. వేరుశనగ, బాదం లాంటివి గింజగా నాలుగైదేళ్లు వచ్చేదాకా వద్దు. పొడి చేసి కలపండి, లేదా మెత్తటి ముద్దగా రొట్టె మీద పల్చగా పూయండి. చెంచాడు ముద్ద ఒకేసారి నోట్లో పెడితే అదీ గొంతుకు అడ్డం పడుతుంది. పాప్‌కార్న్, గట్టి చాక్లెట్లు, జిగురు మిఠాయిలు, మార్ష్‌మాలోలు ఇంట్లోనే వదిలేయండి.

ముక్కలన్నీ ఇంట్లోనే కోసి పెట్టుకోండి. అక్కడికి వెళ్లాక కత్తి, పలక, చుట్టూ గెంతే బిడ్డ... ఆ మూడూ కలవకూడదు.

అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా గొంతులో అడ్డం పడితే? బిడ్డ గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి. దగ్గే అన్నిటికన్నా బలమైన మందు. శబ్దం రాక, ఊపిరాడక, ముఖం రంగు మారుతుంటే ఒకరు అత్యవసర నంబరుకు ఫోన్ చేయాలి, ఒకరు పని మొదలుపెట్టాలి. ఏడాది దాటిన బిడ్డను ముందుకు వంచి, రెండు భుజాల ఎముకల మధ్య అరచేతి మడమతో 5 సార్లు గట్టిగా చరచండి. ముక్క బయటికి రాకపోతే వెనక నుంచి చేతులు చుట్టి, బొడ్డుకు కాస్త పైన పిడికిలి పెట్టి, లోపలికీ పైకీ 5 సార్లు నొక్కండి. ముక్క వచ్చేదాకా, లేదా సాయం అందేదాకా ఈ రెండూ మార్చి మార్చి చేయాలి. స్పృహ తప్పితే పడుకోబెట్టి సీపీఆర్ (ఛాతీ నొక్కుతూ, నోటితో ఊపిరి ఇవ్వడం) మొదలుపెట్టాలి. కనిపించని ముక్క కోసం నోట్లో వేలు పెట్టి కెలకొద్దు, అది ఇంకా లోపలికి పోతుంది. కడుపు మీద నొక్కాల్సి వస్తే, ముక్క వచ్చేసినా తర్వాత వైద్యుడికి చూపించాలి. ఏడాదిలోపు పాపాయికి పద్ధతి వేరు, కడుపు మీద నొక్కకూడదు. ఇది చదివి నేర్చుకునేది కాదు. బొమ్మ మీద చేయించి నేర్పే ప్రథమ చికిత్స తరగతికి ఇద్దరు పెద్దవాళ్లూ ఒక్కసారైనా వెళ్లండి.

5. వేడిది వేడిగా, చల్లనిది చల్లగా

5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య తిండిలో సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. వండినది ఆ మధ్య వేడిలో 2 గంటలకు మించి ఉండకూడదు. ఎండ 32 డిగ్రీలు దాటిన రోజైతే గంటే గడువు. బయల్దేరిన దగ్గర్నుంచి కాదు, పొయ్యి మీంచి దించిన దగ్గర్నుంచి, లేదా ఫ్రిజ్‌లోంచి తీసిన దగ్గర్నుంచి లెక్కపెట్టండి.

వేడి తిండికి వెడల్పు మూతి ఫ్లాస్కు కొనుక్కోండి. ముందు అందులో మరిగే నీళ్లు పోసి, మూత పెట్టి, పది నిమిషాలు ఉంచి పారబోయండి. అప్పుడు పొగలు కక్కే తిండిని అంచుదాకా నింపండి. సగం నింపితే తొందరగా చల్లారుతుంది. తినే వేళకు మూత తీయగానే ఆవిరి కనిపించాలి. గోరువెచ్చగా ఉందంటే ఫ్లాస్కు ఓడిపోయినట్టే, పారేయండి. వేడి ఫ్లాస్కును బిడ్డను ఒళ్లో పెట్టుకుని మాత్రం తెరవొద్దు. పక్కన గిన్నెలో తీసి, ఆరబెట్టి, మీరు రుచి చూశాకే పెట్టండి.

చల్లటి వాటికి ఐస్ ప్యాక్ కొనకపోయినా ఫరవాలేదు. రాత్రి నీళ్ల సీసా ఒకటి ముప్పాతిక నింపి గడ్డకట్టించండి. పెరుగు, గుడ్డు, మాంసం డబ్బాలు దాన్ని ఆనుకునేలా కూలర్ సంచిలో సర్దండి. మధ్యాహ్నానికి అది కరిగి తాగడానికీ పనికొస్తుంది.

అన్నం విషయంలో చాలామందికి తెలియని చిక్కుంది. బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు అన్నం ఉడికినా చావవు. అన్నాన్ని గది వేడిలో గంటలకొద్దీ వదిలేస్తే అవి మొలకెత్తి విషం వదులుతాయి. ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. రాత్రి వండి వంటింటి గట్టు మీద ఉంచిన అన్నం పొద్దున డబ్బాలో పెట్టొద్దు. పొద్దున్నే వండి ఫ్లాస్కులో పెట్టండి, లేదా రాత్రి వండింది గంటలోపే చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి, చల్లగానే తీసుకెళ్లండి.

బిడ్డ ఎంగిలి చేసిన గిన్నెలోది మిగిలితే దాచుకోవద్దు. తినేది కొంచెంగా వేరే గిన్నెలోకి తీసి పెడితే డబ్బాలోది చెడదు.

6. నీళ్లు

నీళ్లు, పాలు అన్నీ కలిపి ఈ వయసుకు రోజుకు లీటరు దరిదాపు తాగాలి. ఎండలో ఇంకొంచెం ఎక్కువ. దాహమని అడిగేదాకా ఆగితే ఆలస్యమవుతుంది. ఆటలో మునిగిన బిడ్డ అడగదు. ఇరవై ముప్పై నిమిషాలకోసారి సిప్పర్ చేతికి ఇవ్వండి, రెండు గుక్కలు తాగినా చాలు. మీరూ తాగండి, చూసి తాగుతుంది.

పండ్ల రసం ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలకు రోజుకు 120 మిల్లీలీటర్లు దాటకూడదని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2017లో చెప్పింది. నేనైతే ప్రయాణంలో అదీ తీసుకెళ్లను, పండే పెడతాను. ఆటగాళ్ల కోసం తయారుచేసే పానీయాలు ఈ వయసుకు కావు. ఓఆర్‌ఎస్ పొట్లాలు రెండు సంచిలో ఉండాలి. అవి వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు వాడేవి, ఊరికే దాహానికి కాదు. వాగు నీళ్లు ఎంత తేటగా కనిపించినా నేరుగా తాగించొద్దు. తప్పనిసరైతే సలసల మరిగాక ఒక నిమిషం, 2000 మీటర్లు దాటిన ఎత్తులో మూడు నిమిషాలు మరిగించాలి.

7. సంచి, ఒంటి మీద బట్టలు

దీని గురించి ఇంటర్నెట్ నిండా చాంతాడంత జాబితాలున్నాయి, నేను కొద్దిగానే చెప్తాను. మార్చుకునే బట్టలు రెండు జతలు, డైపర్లు, వైప్స్, సబ్బు, వాడినవి వేసుకోవడానికి గట్టి జిప్ సంచులు, వెడల్పు అంచు టోపీ, పల్చటి దుప్పటి. రోజూ వాడే మందులేవైనా ఉంటే అవి.

ఎండ తీవ్రతను చెప్పే అతినీలలోహిత సూచిక 3 గానీ, అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే ఎండ నుంచి కాపు కావాలి. నీడ, పొడవు చేతుల చొక్కా ముందు. మిగిలిన చోట ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకన్నా ఎక్కువున్న సన్‌స్క్రీన్, రెండు గంటలకోసారి మళ్లీ. దోమల మందు రాస్తే అరచేతులకు, కళ్ల చుట్టూ రాయొద్దు. చెయ్యి ఎలాగూ నోట్లోకే వెళ్తుంది. నిమ్మ యూకలిప్టస్ నూనెతో చేసినవి మూడేళ్లలోపు వాళ్లకు వాడకూడదు. స్ట్రోలర్ మీద గుడ్డ కప్పేస్తే లోపల గాలాడక వేడెక్కుతుంది, దానికి బదులు గొడుగు పట్టండి.

చలిలో ఒక సంగతి పెద్దవాళ్ల దృష్టి నుంచి జారిపోతుంది. బిడ్డను వీపున వేసుకుని ఎక్కుతున్న మీకు చెమట పడుతుంది, కదలకుండా కూర్చున్న బిడ్డ కాళ్లు మాత్రం గడ్డకడుతుంటాయి. మీ ఒంటిని బట్టి బిడ్డ బట్టలు తగ్గించొద్దు. మెడ వెనక, వీపు మీద చెయ్యి పెట్టి చూడండి, పాదాలు తడమండి. క్యారియర్‌లో నిద్రపోతే గడ్డం ఛాతీకి ఆనిపోకుండా, ముక్కు, నోరు తెరిచి ఉండేలా అప్పుడప్పుడూ చూసుకోండి.

8. అక్కడికి చేరాక

మొదటి పావుగంట ఎక్కడికీ వెళ్లొద్దు. దించి వదిలేయండి. బిడ్డ ఒక రాయి ఎత్తుతుంది, మీ వైపు చూస్తుంది, మళ్లీ దించుతుంది. చోటుతో పరిచయం అయ్యాక దానంతటదే కదులుతుంది. ముందు బిడ్డ, వెనక మీరు. వేగం దానిది, దిశ మీది. చెయ్యి పట్టుకు లాక్కెళ్తే అయిదు నిమిషాల్లో "ఎత్తుకో" మొదలవుతుంది. ఎవరో ఒకరు రాళ్లు లెక్కపెట్టడం, ఎర్ర ఆకులు వెతకడం లాంటి పని అప్పగిస్తే నడక తెలియకుండానే సాగుతుంది.

పుట్టగొడుగులు, పొదల పండ్లు, గింజలు, ఆకులు, ఏవైనా సరే నోట్లోకి వెళ్లే వయసు ఇది. పేరు తెలిసిన మొక్కైనా తినిపించొద్దు. తినేసిందన్న అనుమానం వస్తే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, ఆ మొక్క ముక్క తీసుకుని వైద్య సహాయానికి ఫోన్ చేయండి.

నీళ్లున్న చోట నియమం ఒక్కటే: ఒక పెద్ద మనిషి చెయ్యి చాపితే అందే దూరంలో ఉండాలి, ఆ మనిషి చేతిలో ఫోన్ ఉండకూడదు. మునిగిపోయే బిడ్డ కేకలు పెట్టదు, నీళ్లు చిలకరించదు. కొన్ని అంగుళాల నీళ్లలోనే, చప్పుడు లేకుండా జరిగిపోతుంది. నలుగురు పెద్దవాళ్లున్నప్పుడు "ఎవరో ఒకరు చూస్తున్నారులే" అనుకోవడమే ఎక్కువ ప్రమాదం. "ఇప్పుడు నేను చూస్తున్నా" అని పైకి చెప్పి బాధ్యత మార్చుకోండి.

9. తినిపించడం కాదు, తిననివ్వడం

అమెరికా పోషకాహార నిపుణురాలు ఎలిన్ సాటర్ పని పంచుకునే సూత్రం ఒకటి చెప్పారు. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది పెద్దల పని. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది బిడ్డ పని. ఇంట్లో ఇది పాటించేవాళ్లు కూడా బయట మర్చిపోతారు. "మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో" అన్న బెంగతో నడుస్తున్న బిడ్డ నోట్లో ముక్కలు కుక్కుతుంటారు.

నడుస్తూ, స్ట్రోలర్‌లో వాలి, క్యారియర్‌లో ఊగుతూ తినొద్దు. దుప్పటి పరిచి, చేతులు సబ్బుతో కడిగి, బిడ్డను కూర్చోబెట్టి, మీరూ ఎదురుగా కూర్చుని అదే తినండి. శానిటైజర్ మట్టి చేతుల మీద సరిగా పనిచేయదు, అందుకే సబ్బు తెచ్చుకోమన్నాను. గిన్నెలో డబ్బాలోని నాలుగు రకాలూ కొంచెం కొంచెం పెట్టి వదిలేయండి. అరటిపండే తిని గుడ్డు వదిలేసిందా, వదిలేయనివ్వండి. కొత్త రుచి ఒప్పుకోవడానికి చాలామంది పిల్లలకు ఎనిమిది నుంచి పదిహేను సార్లు ఎదురుపడాలి. రెండేళ్ల దరిదాపుల్లో ఆ బెట్టు ఇంకా ఎక్కువ. ఆకలి వేళకు, ఆడి అలసిన బిడ్డ ఇంట్లో ముట్టనిది ఇక్కడ ముట్టుకోవడం మామూలే, కానీ దాన్ని ఆశించి బలవంతం చేస్తే అదీ పోతుంది.

ఇరవై నిమిషాలు చాలు. లేచి వెళ్లిపోతే గిన్నె మూసేయండి. వెంటపడి తినిపించొద్దు, రెండు గంటల్లో మళ్లీ వేళ రానే వస్తుంది.

పేచీ మొదలైతే మాటలతో బుజ్జగించే ముందు వరసగా చూడండి: ఆకలా, దాహమా, నిద్రా, డైపరు తడా, ఎండా. గడియారం చూస్తే జవాబు సగం దొరుకుతుంది. అయిదింటిలో ఏదీ కాకపోతే ఎత్తుకుని కాసేపు నిశ్శబ్దంగా కూర్చోండి. అదీ పని చేయకపోతే ఇంటికి వెళ్లిపోండి. సగంలో తిరిగొచ్చిన ప్రయాణం చెడిపోయినట్టు కాదు.

10. తిరుగుదారి, ఇల్లు

వాడిన డైపర్లు, వైప్స్ మీతోపాటే తిరిగి రావాలి, పాతిపెట్టకూడదు. బిడ్డను వాహనంలో సీటుకు బిగించాక "రెండు నిమిషాలే" అని ఒంటరిగా వదలొద్దు. మూసిన కారులో వేడి పది నిమిషాల్లోనే పది డిగ్రీల దాకా పెరుగుతుంది, అద్దం కొంచెం దించినా తేడా పెద్దగా ఉండదు. నిద్రపోయిన బిడ్డను ఇల్లు చేరగానే సీట్లోంచి తీసి మంచం మీద పడుకోబెట్టండి.

స్నానం చేయించేటప్పుడు చెవుల వెనక, చంకల్లో, మోకాళ్ల మడతల్లో, తలవెంట్రుకల కింద పురుగులేమైనా కరుచుకుని ఉన్నాయేమో చూడండి. పిడుదు కనిపిస్తే సన్న మొన పట్టకారుతో చర్మానికి వీలైనంత దగ్గర పట్టుకుని, తిప్పకుండా, తిన్నగా పైకి లాగండి. నూనె పోయడం, కాల్చడం లాంటివి చేయొద్దు.

డబ్బాలు ఆ రాత్రే కడగండి, ముఖ్యంగా సిప్పర్ స్ట్రా, ఫ్లాస్కు రబ్బరు వాషర్. వాటి సందుల్లో పాలు, పెరుగు అట్టకడితే వచ్చే ప్రయాణానికి కడుపునొప్పి సిద్ధం. ఆరు నుంచి ఎనిమిది గంటలు మూత్రం రాకపోయినా, ఏడ్చినా కన్నీళ్లు లేకపోయినా, నోరు ఎండినా, మగతగా ఉన్నా, వాంతులు ఆగకపోయినా, పిడుదు కుట్టిన కొన్ని రోజులకో వారాలకో జ్వరమో ఎర్రటి మచ్చో వచ్చినా వైద్యుడి దగ్గరికి వెళ్లండి. ఎక్కడికి వెళ్లారు, ఏం తింది, ఎన్నింటికి అన్నది వైద్యుడు అడిగే మొదటి ప్రశ్న. వేళలు రాసిన కాగితం పారేయకుండా ఉంచుకుంటే అక్కడా పనికొస్తుంది.